రూప్‌కుండ్: ఎముకల వయసు, పాట వయసు

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, త్రిశూల్ పర్వతం కిందుగా, సముద్రమట్టానికి 5,029 మీటర్ల ఎత్తున రూప్‌కుండ్ ఉంది. చిత్రాల్లో చూసి పెద్ద సరస్సు అనుకుంటాం గానీ అడ్డకొలత సుమారు 40 మీటర్లే. లోతు రెండు మూడు మీటర్లు. చుట్టూ నిటారుగా లేచిన రాతి వాలు, ఆ పైన జ్యూరాగలీ కనుమ. ఏడాదిలో ఎక్కువ కాలం అంతా మంచు కిందే. వానాకాలం చివర్లో కొద్ది వారాలు మంచు కరిగినప్పుడు నీరు బయటపడుతుంది. దానితోపాటు నీటి అడుగునా ఒడ్డు రాళ్ళ మధ్యా మనుషుల ఎముకలు కనబడతాయి. కొన్ని వందల మందివని అంచనా. కచ్చితమైన లెక్క ఎవరూ కట్టలేదు, కట్టడం కూడా కష్టం. కొండచరియలు జారి పొరలన్నీ కలిసిపోయాయి. పైకెక్కిన వాళ్ళు దశాబ్దాలుగా పుర్రెలను కదిలించారు, పేర్చారు, కొందరు వెంట తీసుకుపోయారు.

ఈ ఎముకల గురించి రెండు రకాల కథనాలు ఉన్నాయి. నందాదేవి భక్తులు తరతరాలుగా పాడుకునే గాథ ఒకటి, ప్రయోగశాలల్లో పుట్టిన వివరణ మరొకటి. శాస్త్రం గాథను రుజువు చేసిందనే మాట పర్యాటక ప్రచారంలోనూ పత్రికల్లోనూ తరచూ వినిపిస్తుంది. ఆధారాలను అవి దొరికిన క్రమంలో పెట్టి చూస్తే ఆ మాట నిలవదని నాకు అనిపిస్తోంది. అలాగని గాథను కట్టుకథగా తీసిపారేయడానికి కూడా ఆధారాలు ఒప్పుకోవు. ఈ వ్యాసం ఆ రెంటి నడుమ ఎంత మేరకు నేల గట్టిగా ఉందో చూసే ప్రయత్నం.

పాటలో ఉన్న కథ

గఢ్వాల్, కుమావూన్ ప్రజలకు నందాదేవి ఇలవేల్పు, ఆడపడుచు కూడా. కొండ ఊళ్ళు ఆమెకు పుట్టిల్లు, శివుడుండే కైలాసం అత్తిల్లు. ఆమెను సాగనంపడానికి జరిగే యాత్రే నందాదేవి రాజ్ జాత్. కర్ణప్రయాగ దగ్గరి నౌటీ గ్రామంలో మొదలై వాణ్ ఊరు, బేదినీ బుగ్యాల్ పచ్చిక, రూప్‌కుండ్, జ్యూరాగలీ మీదుగా హోంకుండ్ చేరుతుంది. రానూపోనూ దాదాపు 280 కిలోమీటర్లు, సుమారు మూడు వారాల నడక. ముందు నాలుగు కొమ్ముల పొట్టేలు నడుస్తుంది. దాని వీపున దేవికి పెట్టే సారె ఉంటుంది. హోంకుండ్ దగ్గర పొట్టేలును కొండల వైపు వదిలేసి జనం వెనుదిరుగుతారు. కూతుర్ని అత్తారింటికి పంపే రోజున తల్లి ఏడ్చే ఏడుపే ఆడవాళ్ళ పాటల్లో వినిపిస్తుంది.

ఈ యాత్ర పన్నెండేళ్ళకోసారి జరుగుతుందని అంటారు. కానీ ఇటీవలి యాత్రలు జరిగిన సంవత్సరాలు 1968, 1987, 2000, 2014. చివరిది 2013 నాటి వరదల వల్ల వెనక్కి జరిగింది. సంప్రదాయం చెప్పే లెక్క వేరు, జరిగిన లెక్క వేరు. చిన్న విషయమే, కానీ గాథను సాక్ష్యంగా వాడుకోదలచినవాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది.

సరస్సు పుట్టుక గురించి ఒక కథ ఉంది. కైలాసానికి పోతూ దారిలో నందకు దాహమైంది. శివుడు త్రిశూలంతో నేలను పొడిచి నీరు తెప్పించాడు. ఆ నీటిలో ఆమె తన రూపం చూసుకుంది, ఆ పేరే నిలిచింది. ఎముకల కథ దీనికి పూర్తిగా వేరు. కన్నౌజ్ రాజు జసధవళుడు గర్భవతి అయిన రాణి బలంపాతో, సేవకులతో, నాట్యకత్తెలతో నంద దర్శనానికి బయల్దేరాడు. పవిత్రమైన కొండ మీద నాట్యం పెట్టించాడు. నాట్యకత్తెలు శిలలైపోయారు. ఆ చోటును నేటికీ పాతర్ నచౌనీ అనే పిలుస్తారు. ఇంకా పైకెక్కాక రాణి ప్రసవించింది. పురుటి మైలతో కొండ అపవిత్రమైందని దేవి కోపించి ఇనుమంత గట్టి వడగళ్ళు కురిపించింది. పరివారమంతా రూప్‌కుండ్‌లో పడి చనిపోయారు.

అమెరికన్ మానవశాస్త్రవేత్త విలియం సాక్స్ 1987 రాజ్ జాత్‌లో నడిచి, ఈ పాటలను విని, 1991లో 'మౌంటెన్ గాడెస్' అనే పుస్తకం రాశారు. నంద యాత్రల గురించి నేటికీ ముందు చదవవలసిన పుస్తకం అదే.

తొలి అంచనాలు

బయటి ప్రపంచానికి ఈ ఎముకల సంగతి తెలిసింది 1942లో. అటవీ రేంజర్ హరికిషన్ మధ్వాల్ వాటిని చూసి పైవాళ్ళకు తెలిపాడు. యుద్ధకాలం కాబట్టి ఇండియాలోకి చొరబడుతూ చనిపోయిన జపాన్ సైనికులేమోనన్న అనుమానం మొదట వచ్చింది. ఎముకలు అంత కొత్తవి కావని తేలాక అది వీగిపోయింది. తర్వాత 1841లో టిబెట్ మీదికి దండెత్తిన దోగ్రా సేనాని జొరావర్ సింగ్ సైనికుల పేరు వచ్చింది. సైన్యమైతే ఆడవాళ్ళ ఎముకలు ఇన్ని ఎందుకుంటాయన్న ప్రశ్నకు ఆ ఊహ దగ్గర జవాబు లేకపోయింది. ఆయుధాలు కూడా చెప్పుకోదగ్గవి దొరకలేదు.

1950ల్లో రూప్‌కుండ్‌ను పట్టుదలగా పరిశీలించిన వారిలో లక్నో విశ్వవిద్యాలయపు మానవశాస్త్రవేత్త డి.ఎన్. మజుందార్ ఒకరు, స్వామి ప్రణవానంద మరొకరు. ప్రణవానంద మనవాడే. పూర్వాశ్రమంలో కనకదండి వెంకట సోమయాజులు, పుట్టింది తూర్పు గోదావరి ప్రాంతంలో, 1896లో. కైలాస మానససరోవరాల మీద ఆయన రాసిన పుస్తకం 1949లో వచ్చింది. మానససరోవరం ఒడ్డున చలికాలం గడిపి, నీరు ఎప్పుడు గడ్డకడుతుంది, ఎలా పగులుతుంది, పక్కనున్న రాక్షస్‌తాల్‌కూ దీనికీ తేడా ఏమిటన్నవి రోజువారీగా నమోదు చేసిన మనిషి. భక్తి, కొలత రెండూ ఒకే చేతిలో ఇమిడిన ఆ పద్ధతికి తెలుగునాట దక్కవలసిన గుర్తింపు ఇంకా దక్కలేదని నా బాధ. రూప్‌కుండ్ విషయంలో ఆయన పాటను నమ్మాడు. ఇవి జసధవళుడి పరివారపు ఎముకలేనని, 14వ శతాబ్దానివని వాదించాడు. 1960ల నాటి రేడియోకార్బన్ పరీక్ష 12 నుంచి 15వ శతాబ్దం మధ్య కాలం చూపడంతో ఆ వాదానికి కొంత బలం వచ్చింది. తర్వాతి పరీక్షలు ఆ తేదీని నిలబెట్టలేదు. ఆయన ఎంచుకున్న దారి మాత్రం, అంటే స్థానికుల మాటను ముందు విని తర్వాత నేలను వెతకడం, నేటికీ సరైనదే.

వడగళ్ళ సంగతి

2004లో నేషనల్ జియోగ్రఫిక్ తరఫున ఒక బృందం పైకి వెళ్ళింది. పుణే డెక్కన్ కాలేజీకి చెందిన సుభాష్ వాలింబే, వీణా ముష్రిఫ్-త్రిపాఠి ఎముకలను పరీక్షించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన రేడియోకార్బన్ పరీక్షలో క్రీ.శ. 850, అటూ ఇటూ 30 ఏళ్ళు అని వచ్చింది. కొన్ని పుర్రెల నడినెత్తిన గుండ్రని వస్తువు బలంగా తగిలి లోపలికి నొక్కుకుపోయిన గాయాలు కనిపించాయి. మానిన గుర్తులు లేవు కాబట్టి చావుకు కాస్త ముందో ఆ క్షణానో తగిలినవి. కత్తి వేటో బల్లెపు పోటో అయితే గాయం అలా ఉండదు. కొండచరియ విరిగితే ఒళ్ళంతా దెబ్బలుంటాయి. పైనుంచి గుండ్రంగా, గట్టిగా, తలమీద పడేది ఏమిటి? క్రికెట్ బంతి అంత వడగళ్ళు అన్నది వాళ్ళ జవాబు.

ఈ జవాబు అసంభవం కాదు. 1888 ఏప్రిల్ 30న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ దగ్గర కురిసిన వడగళ్ళకు 246 మంది చనిపోయారు. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కల్లో వడగళ్ళ వల్ల ఎక్కువమంది చనిపోయిన ఘటన నేటికీ అదే. మైదానంలో, ఇళ్ళకు దగ్గరలోనే అంతమంది పోతే, తలదాచుకోవడానికి చెట్టు కూడా లేని అయిదువేల మీటర్ల ఎత్తున ఏం జరగగలదో ఊహించుకోవచ్చు.

అయితే ఇక్కడ రెండు సంగతులు ఆపి చూడాలి. మొదటిది సంఖ్య. అలాంటి గాయం స్పష్టంగా గుర్తించింది ముగ్గురి పుర్రెల్లోనే. వందల మంది చావుకు మూడు పుర్రెలు సాక్ష్యం చెప్పలేవు. ఆ ముగ్గురి విషయంలో వడగళ్ళు మంచి వివరణ. మిగిలినవాళ్ళు చలికి బిగుసుకుపోయి ఉండవచ్చు, జ్యూరాగలీ వాలు నుంచి జారిపడి ఉండవచ్చు, మంచుపెళ్ళల కింద పడి ఉండవచ్చు. వాలు మీద ఎక్కడ చనిపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకలు చేరేది కింద ఉన్న ఆ గుంటలోకే.

రెండోది ఇంకా ముఖ్యం. పుర్రెలను పరీక్షించే నాటికి పాట సంగతి అందరికీ తెలుసు. ఇనుప వడగళ్ళ మాట చెవిన పడ్డాక గుండ్రని గాయాన్ని చూస్తే ముందు తట్టేది వడగళ్ళే. ఆ శాస్త్రజ్ఞుల నిజాయితీని నేను శంకించడం లేదు. పాట నుంచి ఊహ పుట్టడంలో తప్పు కూడా లేదు. కానీ పాట నుంచి పుట్టిన ఊహను చూపించి, పాట నిజమైంది అనడం మాత్రం గుండ్రంగా తిరిగి మొదటికే రావడం. ఒకదానికొకటి సంబంధం లేని రెండు సాక్ష్యాలు కలిస్తేనే బలం. ఇవి అలా సంబంధం లేనివి కావు.

హైదరాబాద్ చేసిన పని

కథ మలుపు తిరిగింది 2019 ఆగస్టులో. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ)కి చెందిన కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్, తదితరుల పరిశోధన 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో వచ్చింది. సీసీఎంబీకి ఈ ఎముకలు కొత్త కాదు. ఆ సంస్థ పూర్వ డైరెక్టర్ లాల్జీ సింగ్ కాలం నుంచే అక్కడ వీటి డీఎన్ఏ మీద పని నడుస్తోంది. 2004 తర్వాత వచ్చిన తొలి ఫలితాలను బట్టి మహారాష్ట్రలోని ఒక సముదాయంతో పోలిక ఉందన్న వార్త కూడా వచ్చింది. కొత్త పద్ధతులతో జన్యువులను విస్తారంగా చదివాక చిత్రం చాలా వరకు మారింది.

38 మంది జన్యుసమాచారం దొరికింది. వాళ్ళలో 23 మంది మగవాళ్ళు, 15 మంది ఆడవాళ్ళు. దగ్గరి బంధువులు ఎవరూ లేరు. రోగకారక బ్యాక్టీరియా ఆనవాళ్ళు దొరకలేదు, కాబట్టి అంటువ్యాధి అన్న పాత ఊహకు ఊతం పోయింది. అంతకన్నా పెద్ద విషయం, ఈ 38 మంది ఒకే జనం కారు. 23 మంది వంశమూలాలు నేటి దక్షిణాసియా ప్రజల్లో కనిపించే వైవిధ్యంలోనే ఉన్నాయి. ఒకే ఊరివాళ్ళో ఒకే కులం వాళ్ళో కారు, రకరకాల మూలాలవాళ్ళు. మరో 14 మంది మూలాలు తూర్పు మధ్యధరా ప్రాంతానివి. నేటి ప్రజల్లో గ్రీస్, ముఖ్యంగా క్రీట్ వాళ్ళకు దగ్గర. మిగిలిన ఒక్కరివి ఆగ్నేయాసియా మూలాలు.

37 మంది ఎముకలకు రేడియోకార్బన్ తేదీలు కట్టారు. దక్షిణాసియా మూలాలవాళ్ళంతా 7 నుంచి 10వ శతాబ్దం మధ్యవాళ్ళు, స్థూలంగా క్రీ.శ. 800. వీళ్ళలో కూడా తేదీలు ఒకదానితో ఒకటి కలవని వాళ్ళున్నారు, అంటే ఒకే ప్రమాదంలో పోయినవాళ్ళు కారు. మధ్యధరా మూలాలవాళ్ళు, ఆగ్నేయాసియా వ్యక్తి మాత్రం 17 నుంచి 20వ శతాబ్దం మధ్యవాళ్ళు, స్థూలంగా 1800. రెండు గుంపుల మధ్య వెయ్యేళ్ళ ఎడం. 2004లో ఒక తేదీ, ఒక ప్రమాదం అనుకున్న చోట ఇప్పుడు కనీసం మూడు చావుల సందర్భాలు ఉండవలసి వస్తోంది.

అలెగ్జాండర్ సైనికుల సంతతి అన్న మాట ఇక్కడ వెంటనే వస్తుంది. పరిశోధకులు దాన్ని కూడా పరిశీలించారు. వందల ఏళ్ళు ఇక్కడే స్థిరపడిన గుంపైతే స్థానికులతో కలిసిన జన్యుముద్ర తప్పకుండా ఉండేది. ఈ 14 మందిలో అది లేదు. తిండి కూడా అదే చెప్పింది. ఎముకల్లోని కార్బన్, నైట్రోజన్ ఐసోటోపులను 45 మందిలో కొలిచారు. వరి, గోధుమ, బార్లీ తినేవాళ్ళ ఎముకకూ, రాగి, కొర్ర, సజ్జ లాంటి చిరుధాన్యాలు తినేవాళ్ళ ఎముకకూ తేడా ఉంటుంది. పాతకాలపు గుంపులో కొందరు చిరుధాన్యాలు బాగా తిన్నవాళ్ళు, కొందరు కారు, పలుచోట్లవాళ్ళు కలిసి వచ్చినట్లు. మధ్యధరా గుంపు ఎముకల్లో చిరుధాన్యాల జాడ చాలా తక్కువ, సముద్రపు తిండి జాడ కూడా లేదు. అంటే తీరానికి దూరంగా పెరిగినవాళ్ళు, బహుశా ఒట్టోమన్ పాలన కింద ఉన్న ప్రాంతంలో పుట్టి హిమాలయాలకు వచ్చినవాళ్ళు. ఎందుకు వచ్చారో చెప్పే కాగితం ఒక్కటీ బయటపడలేదు.

ఈ ఫలితాలకు కూడా హద్దులున్నాయి. 38 మందిని లాటరీ తీసినట్లు ఎంచలేదు, దొరికిన ఎముకల్లో డీఎన్ఏ చెడనివాళ్ళు వాళ్ళు. కాబట్టి 38లో 14 ఉన్నారు గనుక సరస్సు ఎముకల్లో మూడోవంతుకు పైగా మధ్యధరావాళ్ళవే అని చెప్పలేం. అదీగాక, 1650 తర్వాతి కాలానికి రేడియోకార్బన్ పద్ధతి బాగా సన్నని తేదీ ఇవ్వలేదు. ఆ రెండో గుంపు కాలవ్యవధి అంత వెడల్పుగా ఉండడానికి కారణం అదే.

పాటను ఏ మేరకు నమ్మాలి

ఈ 2019 పరిశోధనలో విలియం సాక్స్ కూడా సహరచయిత. జన్యుశాస్త్రం చదివినవాళ్ళతో పాటు పాట విన్న మనిషిని కూడా కూర్చోబెట్టడం ఆ వ్యాసానికి బలం. దక్షిణాసియా గుంపులో కొందరైనా యాత్రికులై ఉండవచ్చని వాళ్ళు జాగ్రత్తగా అన్నారు. రాజ్ జాత్‌కు నమ్మదగ్గ రాతపూర్వక వర్ణనలు 19వ శతాబ్దం చివర్లోగానీ కనిపించవు. కానీ దగ్గరి గుళ్ళల్లోని 8 నుంచి 10వ శతాబ్దాల శాసనాలు యాత్ర అంతకన్నా పాతదై ఉండవచ్చని సూచిస్తున్నాయి. మగా ఆడా కలిసి, పలు ప్రాంతాలవాళ్ళు, ఆయుధాలు లేకుండా, వర్తకుల మార్గం కాని చోట. యాత్ర అన్నది ఈ నాలుగింటికీ సరిపోయే వివరణ. కన్నౌజ్ ఆ కాలంలో ఉత్తరాదిన పెద్ద రాజధాని అన్నది కూడా నిజమే. ఇంతవరకు గాథకూ ఆధారాలకూ పొత్తు ఉంది.

పొత్తు లేని చోట్లు కూడా అంతే స్పష్టం. రాణి ప్రసవించిందని పాట చెబుతుంది. పసిబిడ్డల ఎముకలు అక్కడ కనిపించలేదు. ఒక్క తుఫానులో అందరూ పోయారని చెబుతుంది, తేదీలు ఒప్పుకోవు. ఇటీవలి కాలం దాకా వాణ్ ఊరు దాటాక ఆడవాళ్ళు, తోలువస్తువులు, వాయిద్యాలు పైకి రాకూడదన్న కట్టుబాటు ఉండేది. కానీ తొమ్మిదో శతాబ్దపు ఎముకల్లో ఆడవాళ్ళున్నారు, సరస్సు దగ్గర తోలుచెప్పులు దొరికాయి. ఆ రోజుల్లో ఆ కట్టుబాటు లేకపోయి ఉండాలి, లేదా పాటించనివాళ్ళే అక్కడ పోయి ఉండాలి. రెండో మాట పాట చెప్పేదే. మొదటి మాట కూడా అంతే సంభవం.

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసేది పాటలోని మౌనం. జన్యుఫలితాల ప్రకారం దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట, వేషం భాష పూర్తిగా వేరైన జనం ఆ ఊళ్ళ మీదుగానే పైకి వెళ్ళి ఉండాలి, తిరిగి రాలేదు. తొమ్మిదో శతాబ్దపు దుర్ఘటనను ఇంత వివరంగా దాచుకున్న జ్ఞాపకం తాతల కాలపు దుర్ఘటనను ఎలా మరిచింది? ప్రచారంలో ఉన్న జసధవళుడి కథలో వాళ్ళకు చోటు లేదు. పాట వెయ్యేళ్ళ నాటి ప్రత్యక్ష జ్ఞాపకం అనేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పాలి.

నా జవాబు ఇది. ఇది అనుమానమే, నిర్ధారణ కాదు. పాట ఎముకలతో పాటు పుట్టింది కాక, ఎముకలను చూసి పుట్టి ఉండవచ్చు. రాజ్ జాత్ దారి సరస్సు పక్క నుంచే పోతుంది. 1942లో బయటపడడమన్నది బయటివాళ్ళ లెక్క, నడిచిన ప్రతి తరం యాత్రికులూ ఆ ఎముకలను చూసే ఉంటారు. ఇంత ఎత్తున ఇంతమంది ఎలా పోయారన్న ప్రశ్నకు వాళ్ళు తమకు తెలిసిన ధర్మంతో జవాబు కట్టుకున్నారు. మైల, గర్వం, నాట్యం, దేవి కోపం. ఎముకలు ఎవరివైనా, ఏ శతాబ్దానివైనా, ఒకే కథలో ఇమిడిపోయాయి. అందుకే మధ్యధరావాళ్ళకు వేరే కథ అవసరం పడలేదు. ఈ వివరణ కింద మౌనం వింతగా తోచదు. వడగళ్ళ ప్రస్తావనకు కూడా అద్భుత జ్ఞాపకశక్తి అక్కర్లేదు. ఆ ఎత్తున వడగళ్ళు ప్రతి గొర్రెల కాపరికీ తెలిసిన భయమే.

ఈ వివరణలో పాట తక్కువైపోతుందని నేను అనుకోను. అయిదువేల మీటర్ల మీద పిల్లతల్లి నడవకూడదు, ఆటపాటలకు ఆగి పొద్దు పోగొట్టుకోకూడదు, దారిలో ఎక్కడ ఏం జరిగిందో చోటు పేరుతో సహా గుర్తుంచుకోవాలి. ఆ నడకలో ప్రాణం నిలిపే జాగ్రత్తలు ఇవి. పాట వాటిని దేవి ఆజ్ఞగా చెప్పింది.

తేల్చవలసింది ఇంకా చాలా ఉంది, తేల్చే మార్గం కూడా ఉంది. ఇప్పటిదాకా పరీక్షించినవి ఎక్కువగా ఒడ్డున చెదిరిన ఎముకలు. సరస్సు అడుగున, ఎవరూ కదిలించని పొరల్లో ఉన్న వాటిని పద్ధతిగా తవ్వి తీస్తే, ఏ గుంపు ఏ పొరలో ఉందో, చావులు ఎన్నిసార్లు జరిగాయో తేలుతుంది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్ పచ్చికల్లో రాత్రి బస నిషేధించాక రూప్‌కుండ్‌కు పర్యాటకుల తాకిడి తగ్గింది. ఆ పొరలు ఇంకా చెడకముందే పని మొదలుపెట్టడానికి ఇది తగిన సమయం. పాటల విషయంలో ఆగే వెసులుబాటు లేదు. జసధవళుడి గాథను ఏ ఊళ్ళో ఎలా పాడుతున్నారు, ఏ పాఠంలో వడగళ్ళున్నాయి, ఏ పాఠంలో లేవు, పరదేశీయుల ఊసు ఏ మూలనైనా ఉందా అన్నది ఊరూరా, గాయకుడి వయసు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడన్న వివరంతో సహా రికార్డు చేయాలి. దేవతను పిలిచే జాగర్ పాటల్లో పాత పాఠాలు తెలిసిన గాయకులు పెద్దవాళ్ళైపోతున్నారు.